మాట బలహీనం, గరగర, మధ్యలో మూగ: బందరు నల్ల ఫోన్ మరమ్మతు

ఫిర్యాదు మూడు ముక్కలుగా వచ్చింది. మాస్టారు మాట్లాడితే న్యూజెర్సీలో ఉన్న కూతురికి నూతిలోంచి మాట్లాడినట్టు వినిపిస్తోంది. హ్యాండ్‌సెట్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటే గరగరమంటోంది. నంబరు తిప్పాక ఒక్కోసారి చెవిలో అసలు చప్పుడే ఉండదు, అవతల ఎత్తారో లేదో కూడా తెలియదు. అంతకుముందే ఒకరు చూసి "మైకు పోయింది, కొత్త ఎలెక్ట్రెట్ వేసేద్దాం" అన్నారట. ఎలెక్ట్రెట్ అంటే ఈ కాలపు చిన్న ఎలక్ట్రానిక్ మైకు. మాస్టారికి మనసొప్పక నా దగ్గరికి పంపారు.

సెట్టు నల్ల బేకలైట్‌ది, అంటే పాతకాలపు గట్టి ప్లాస్టిక్. బెంగళూరు ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) తయారీ. 1948లో మొదలైన ఆ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నల్ల ఫోన్లే ఒకప్పుడు మన ఊళ్ళలో ఆఫీసుల్లో, మిల్లుల్లో, కాస్త కలిగినవాళ్ళ ఇళ్ళలో ఉండేవి. ఇది మాస్టారి బావమరిది రైస్ మిల్లులో ఉండేది. మిల్లు మూసేశాక అటకెక్కింది. ఈమధ్య ఇంటికి ఫైబర్ కనెక్షన్ వచ్చాక, ఆ పెట్టె వెనకాల ఫోన్ సాకెట్ ఉందని చూసి, మాస్టారు దీన్ని కిందికి దింపి తగిలించారు. ఆ పెట్టెకి పల్స్ డయలింగ్ (డయల్ తిప్పితే లైను తెగుతూ నంబరు పంపే పాత పద్ధతి) అర్థం కాదు కాబట్టి మధ్యలో పల్స్‌ను టోన్‌గా మార్చే చిన్న కన్వర్టర్ ఒకటి వాళ్ళబ్బాయి తెప్పించి పెట్టాడు.

పాత ఫోన్‌లో మాట గురించి ఏ ఫిర్యాదు వచ్చినా నేను మొదట స్క్రూ డ్రైవర్ పట్టుకోను, మీటర్ పట్టుకుంటాను. ఈ ఫోన్‌లో యాంప్లిఫయర్ లేదు, ట్రాన్సిస్టర్ లేదు. లైన్లోంచి వచ్చే డీసీ కరెంటే దీనికి ఊపిరి. కార్బన్ మైకు ఆ కరెంటును మాటకు తగ్గట్టు పెంచి తగ్గిస్తుంది, అంతే. కరెంటు ఎంత పారుతోందో తెలియకుండా మైకు మంచిదా చెడ్డదా అని తేల్చడం కుదరదు. అందుకే సెట్టుతోపాటు ఆ ఫైబర్ పెట్టె, కన్వర్టర్ కూడా పంపమన్నాను.

మొదటి కొలతలు

హ్యాండ్‌సెట్ పెట్టేసి ఉండగా లైను మీద 46 వోల్టులు. ఎత్తితే 20 మిల్లీయాంపియర్లు. నా బెంచి మీద ఎంత లోడు పెట్టినా ఆ 20 దాటలేదు. అంటే పెట్టె కరెంటును అక్కడికే కట్టేస్తోంది. చాలా ఫైబర్ పెట్టెలు ఇంతే, ఇదేమీ లోపం కాదు.

ఈ ఫోన్ పుట్టిన కాలపు లెక్క వేరు. ఎక్స్ఛేంజిలో 48 వోల్టుల బ్యాటరీ, లైనుకి కరెంటు అందించే ఫీడ్ రిలే చుట్లు రెండూ కలిపి సుమారు 400 ఓమ్‌లు, ఫోన్ ఒక 200, ఊళ్ళో రెండు కిలోమీటర్ల రాగి జత. అర మిల్లీమీటరు తీగైతే కిలోమీటరుకు రానూపోనూ 170 ఓమ్‌లు వేసుకోవచ్చు. మొత్తం 940. అంటే 50 మిల్లీయాంపియర్లు పారేది. ఎక్స్ఛేంజికి దూరంగా ఉన్న ఇంటికి అంతకంటే తగ్గేది. కార్బన్ మైకు అవుట్‌పుట్ దాదాపు కరెంటుతోపాటే పెరుగుతుంది, తగ్గుతుంది. 40 ఉన్నచోట 20 అయితే 6 డెసిబెల్స్ పోయినట్టే. ఆ నష్టం ఫోన్‌లో రిపేరు చేస్తే తిరిగి వచ్చేది కాదు. ఆ పెట్టె సెట్టింగులు మన చేతిలో లేవు, కంపెనీవాళ్ళు లాక్ చేసి పెట్టారు. కాబట్టి ఉన్న 20 మిల్లీయాంపియర్లలో ఒక్క చుక్క కూడా వృథా కాకుండా చూడటమే నా పని అని ముందే మాస్టారికి చెప్పాను.

"అంటే పూర్వంలా గట్టిగా రాదంటావా బాబూ?"

"పూర్వమంత రాదు మాస్టారూ. కానీ అమ్మాయికి ప్రతి మాటా స్పష్టంగా వినపడేలా చెయ్యొచ్చు."

గరగర

దీన్ని పట్టుకోవడం తేలిక, ఓపిక కావాలంతే. హ్యాండ్‌సెట్ నోటి వైపు మూత విప్పి కార్బన్ క్యాప్సూల్ (మైకు బిళ్ళ) తీసేశాను. దాని బదులు 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి చెవి దగ్గర పెట్టుకుని త్రాడు కదిపాను. గరగర అలాగే ఉంది. మైకు మీద పడ్డ నింద అక్కడితో సగం తీరిపోయింది.

ఈ త్రాడు పాతకాలపు గోధుమరంగు నూలు అల్లికది. లోపల ఉండేది మామూలు రాగి తీగ కాదు. నూలుపోగు చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి రేకు చుట్టి చేసిన తీగ. రోజుకి వందసార్లు మెలితిరిగినా తెగకూడదని అలా చేసేవాళ్ళు. కానీ ఏళ్ళ తరబడి ఒకేచోట వంగితే రేకు ముక్కలైపోతుంది. నూలు పట్టుకునే ఉంటుంది కాబట్టి పైకి ఏమీ కనపడదు. దీన్ని డిజిటల్ మీటర్‌తో వెతకొద్దని కొత్తగా ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్ళకి చెబుతాను. అంకెలు మారేలోపు తెగిన కొసలు మళ్ళీ అంటుకుంటాయి. ముల్లు మీటర్ ఓమ్స్‌లో పెట్టి, త్రాడును రెండు వేళ్ళ మధ్య అంగుళం అంగుళం వంచుకుంటూ పోవాలి. హ్యాండ్‌సెట్‌లోకి దూరే చోటుకి రెండంగుళాల ఇవతల ముల్లు ఒక్కసారి ఎగిరిపడింది. వేలు తీస్తే వెనక్కి వచ్చింది. వంచితే మళ్ళీ ఎగిరింది.

త్రాడు అక్కడికి కోసేసి కొస కొత్తగా కట్టాను. ఈ రేకు తీగకి టంకం నేరుగా అంటదు, వేడికి లోపలి నూలు మాడిపోతుంది. పై నూలు వెనక్కి మడిచి, బయటపడ్డ రేకు మీద సన్నని తగరం పూసిన రాగి తీగ దగ్గరగా చుట్టి, దాన్ని తీగ కొసకి ఉండే పాత ఇత్తడి లగ్గులోనే పెట్టి నొక్కి, ఆ చుట్టు మీద మాత్రం టంకం ఒక బొట్టు తగిలించాను. త్రాడు కాస్త పొట్టిదైంది. దారం బిగింపును మాత్రం మళ్ళీ హ్యాండ్‌సెట్ లోపలి కొక్కేనికి కట్టాల్సిందే. అది కట్టకపోతే లాగినప్పుడల్లా బరువు లగ్గుల మీద పడి కొత్త రిపేరు కూడా పాడవుతుంది.

గరగరలో ఇంకో వాటా హుక్ స్విచ్‌ది, అంటే హ్యాండ్‌సెట్ ఎత్తితే లైను కలిపే స్విచ్‌ది. బందరు గాలిలో ఉప్పు ఉంటుంది. టెర్మినల్ ఇత్తడి స్క్రూలన్నీ చిలుము పట్టి పచ్చబడ్డాయి. హుక్ కింద వెండి కాంటాక్టులు నల్లగా ఉన్నాయి. అన్ని కాంటాక్టుల మీద కలిపి 11 ఓమ్‌లు వచ్చాయి, హ్యాండ్‌సెట్ ఎత్తి దించినప్పుడల్లా ఆ అంకె మారుతోంది. అసలు ఒక్క ఓమ్ కూడా ఉండకూడదు. ఇక్కడ గరుకు కాగితం వాడేవాళ్ళని చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ వెండి పూత పోతే ఇక తిరిగి రాదు. దళసరి కార్డు ముక్కను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, కాంటాక్టుల మధ్య పెట్టి, వేలితో మెల్లిగా నొక్కి లాగితే నలుపు కార్డుకి అంటుకుంటుంది. కార్డు తెల్లగా వచ్చేదాకా అలాగే లాగాలి. తర్వాత పొడి కార్డుతో ఇంకోసారి. ఆల్కహాల్ బేకలైట్ మీద పడకుండా కింద గుడ్డ పెట్టుకోవాలి, లేకపోతే పాలిష్ పోతుంది.

నంబరు తిప్పాక మూగ

ఈ లక్షణం చెప్పగానే నాకు డయల్ మీద అనుమానం. డయల్‌లో రెండు రకాల కాంటాక్టులుంటాయి. ఒకటి పల్స్‌లు కొట్టేది. 7 తిప్పితే లైను ఏడుసార్లు తెగుతుంది, సెకనుకు పది చొప్పున. రెండోది, డయల్ తన చోటు నుంచి కదలగానే మూసుకునేది. ఆ పల్స్‌ల టకటక చెవిలో పడకుండా అది చెవి వైపు క్యాప్సూల్‌ను షార్ట్ చేసి పెడుతుంది. డయల్ పూర్తిగా వెనక్కి వచ్చాకనే తెరుచుకుంటుంది.

నంబరు తిప్పి, చెవిలో ఏమీ లేనప్పుడు, డయల్‌ను వేలితో ఒక్క నూలుపోగంత వెనక్కి నెట్టాను. టోను ఠక్కున వచ్చింది. ఇంకేమీ పరీక్షించక్కర్లేదు.

డయల్ విప్పితే లోపల తవుడు. మిల్లులో ఏళ్ళ తరబడి గాల్లో తేలిన తవుడు పాత గ్రీజులో పడి, అటక మీద వేసవులు గడిచి, గోధుమరంగు జిగురులా తయారైంది. గోరుతో గీకితే ఉండలుగా వచ్చింది, వాసన ఇప్పటికీ తవుడు వాసనే. స్ప్రింగ్‌కి బలం ఉంది కానీ చివరి మిల్లీమీటరు లాగలేక ఆగిపోతోంది. డయల్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్, పళ్ళ చక్రాలు తెల్ల పెట్రోల్‌తో బ్రష్ పెట్టి కడిగాను. ఇరుసుల దగ్గర మాత్రం గడియారాలకి వాడే నూనె సూదిమొనతో ఒక్కో బొట్టు. కాంటాక్టుల దరిదాపుల్లో నూనె చుక్క పడకూడదు. గవర్నర్ డబ్బాలో కూడా నూనె వేయకూడదు, వేస్తే ఘర్షణ తగ్గి డయల్ పరుగెత్తుతుంది. 0 తిప్పి వదిలితే పది పల్స్‌లు సుమారు ఒక సెకనులో పూర్తయ్యాయి. కన్వర్టర్ కూడా ఇంతకుముందు తప్పు నంబర్లు పంపేదట, డయల్ వేగం సరిపడేసరికి ఆ గొడవ కూడా పోయింది.

కెపాసిటర్, బెల్లు చూసేశాను. 2 మైక్రోఫారడ్ అని రాసి ఉన్నది 2.1 చూపించింది, లీకేజి చెప్పుకోదగ్గంత లేదు. చెవి వైపు క్యాప్సూల్ విప్పితే డయాఫ్రమ్ (శబ్దానికి కదిలే పల్చటి రేకు) కింద సన్నని ఇనుప రజను అయస్కాంతానికి అంటుకుని ఉంది. సెల్లో టేపు జిగురు వైపు అద్ది రజను తీసేసి, డయాఫ్రమ్‌ను అదే వైపు తిప్పి పెట్టేశాను. డయాఫ్రమ్‌ను పైకి ఎత్తేటప్పుడు వంచకూడదు, పక్కకి జరిపి తీయాలి.

కార్బన్ మైకు

అందరూ అనుమానించిన భాగం ఇదే కాబట్టి దీనికి కాస్త ఎక్కువ చోటు ఇస్తాను.

1870ల చివర్లో ఎడిసన్ చేతిలో గట్టి రూపం దిద్దుకున్న ఈ మైకు వందేళ్ళకు పైగా ప్రపంచంలోని టెలిఫోన్లను నడిపించింది. ఒక చిన్న గిన్నెలో బొగ్గు రవ్వలు, పైన పల్చటి డయాఫ్రమ్. మాట డయాఫ్రమ్‌ను నొక్కితే రవ్వలు దగ్గరై నిరోధం తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. మనిషి గొంతులో ఉన్న శక్తి కంటే లైన్లోకి వెళ్ళే శక్తే ఎక్కువ, ఎందుకంటే శక్తి బ్యాటరీ నుంచి వస్తుంది, గొంతు దాన్ని అదుపు మాత్రమే చేస్తుంది. యాంప్లిఫయర్ లేని కాలంలో అది గొప్ప విషయం.

దీని జబ్బు గడ్డకట్టడం. చాలాకాలం ఒకే భంగిమలో ఉంటే, తేమ తగిలితే, రవ్వలు ఒకదానికొకటి అతుక్కుని కదలవు. అప్పుడు నిరోధం తక్కువగా ఉంటుంది కానీ మాటకు మారదు. ఓమ్స్‌లో పెట్టి కొలిస్తే మీటర్ పంపే చిన్న కరెంటుకి తప్పుడు అంకెలే వస్తాయి. అందుకే నేను పనిచేస్తున్న లైను మీదే మైకు కొసల మధ్య వోల్టేజి కొలుస్తాను. 20 మిల్లీయాంపియర్ల దగ్గర ఇది 0.5 వోల్టు చూపించింది, అంటే 25 ఓమ్‌లు. ఆరోగ్యంగా ఉంటే ఇలాంటి మైకు 60 నుంచి 100 మధ్య ఉంటుందని నా అనుభవం. అంతకంటే ముఖ్యమైన పరీక్ష, ముల్లు మీటర్ పెట్టి దాని ముందు "ఆ..." అని పలకడం. మంచి మైకైతే ముల్లు వణుకుతుంది. ఇది చలించలేదు.

క్యాప్సూల్‌ను హ్యాండ్‌సెట్‌లోంచి తీసి, బోర్లా పట్టుకుని, అరచేతి మీద మెల్లగా తట్టాను. పూర్వం లైన్‌మన్లు హ్యాండ్‌సెట్‌నే బల్లకేసి కొట్టేవాళ్ళు, బేకలైట్ పగిలేది అలాగే. తట్టాక 1.2 వోల్టు, ముల్లు వణికింది, మాట వచ్చింది. సిలికా జెల్ పొట్లాలున్న డబ్బాలో మూసి పెట్టి ఆరనిచ్చి మళ్ళీ కొలిస్తే 0.6కి జారిపోయింది. ఎన్నిసార్లు తట్టినా అదే కథ. రవ్వల ముఖాలు అరిగి నునుపైతే ఇలాగే జరుగుతుంది. దీన్ని విప్పి రవ్వలు కడిగేవాళ్ళున్నారు. నేను చేయను. మూత రేకు ఒకసారి విప్పితే అదే బిగువుతో మళ్ళీ మూయడం సాధ్యం కాదు.

ఇక్కడ ఎలెక్ట్రెట్ వేసేయొచ్చు. కార్బన్ క్యాప్సూల్ ఆకారంలోనే, లోపల బ్రిడ్జి, చిన్న యాంప్లిఫయర్ పెట్టి అమ్ముతారు. రోజంతా వాడే ఫోన్‌కైతే నేనూ అదే సలహా ఇస్తాను. కానీ మాస్టారు అడిగింది ఈ ఫోన్ గొంతు. నా దగ్గర చచ్చిన సెట్ల నుంచి తీసి పెట్టుకున్న కార్బన్ క్యాప్సూళ్ళు ఉన్నాయి. వాటిలో 1.5 వోల్టు దగ్గర నిలకడగా ఉన్నది, తలకిందులు చేసినా మారనిది ఎంచి వేశాను.

అయినా వినపడలేదు

ఇంత చేసి బెంచి మీద నా టెస్ట్ ఫోన్‌తో కలిపి చూస్తే మాట బాగానే ఉంది. ఫైబర్ పెట్టెకి పెట్టి, మా అసిస్టెంట్ కుర్రాడు పక్కగదిలో మొబైల్‌లో వింటుంటే, నేను మాట్లాడితే ఫర్వాలేదన్నాడు. మాస్టారు వచ్చి మాట్లాడితే మాత్రం "సరిగా రావట్లేదు సార్" అన్నాడు.

"మాస్టారూ, పదమూడో ఎక్కం చెప్పండి" అన్నాను. ముందు మొబైల్‌లో చెప్పించాను. బడి గోడలు అదిరేలా చెప్పారు. అదే ఎక్కం నల్ల ఫోన్‌లో చెప్పమంటే, పదమూడు మూళ్ళు దాటేసరికి గొంతు దించేశారు. ఎదురుగా ఉన్న నాకే వినపడటం తగ్గింది. "ఎందుకండీ తగ్గించారు?" అంటే, "తగ్గించానా? నాకు గట్టిగానే వినపడుతోందే" అన్నారు.

అసలు కారణం అప్పుడు బయటపడింది. మనం మాట్లాడే మాట మన చెవికే కొంచెం వినపడటాన్ని సైడ్‌టోన్ అంటాం. అది అస్సలు లేకపోతే ఫోన్ చచ్చినట్టుంటుంది, ఎక్కువైతే మనిషి తెలియకుండానే గొంతు తగ్గించేస్తాడు. ఫోన్ లోపలి ఇండక్షన్ కాయిల్ ఒక తక్కెడలా పనిచేస్తుంది. ఒక పక్క లైను, ఇంకో పక్క లైనును పోలిన బ్యాలెన్స్ సర్క్యూట్. రెండూ సమంగా ఉంటే మన మాట చెవి క్యాప్సూల్ దగ్గర చాలావరకు రద్దవుతుంది. ఈ బ్యాలెన్స్‌ను తయారుచేసినవాళ్ళు కిలోమీటర్ల కొద్దీ రాగి జతను మనసులో పెట్టుకుని చేశారు. ఇప్పుడు దీనికి తగిలించింది రెండు మీటర్ల వైరు, దాని చివర ఫైబర్ పెట్టె. తక్కెడ ఒరిగిపోయింది. మైకు బాగుపడేకొద్దీ సైడ్‌టోన్ కూడా పెరిగింది. మాస్టారి గొంతు ఇంకా తగ్గింది. మైకు మార్చి ఊరుకుని ఉంటే ఫిర్యాదు తీరకపోగా పెరిగేది.

కొలవడానికి మొబైల్‌లో 1000 హెర్ట్జ్ టోను పెట్టి, నోటి వైపు రెండంగుళాల దూరంలో నిలబెట్టి, చెవి క్యాప్సూల్ కొసల్లో ఏసీ మిల్లీవోల్టులు చూశాను. 62 వచ్చింది. బ్యాలెన్స్ వైపు వెళ్ళే తీగను టెర్మినల్ నుంచి విప్పి, మధ్యలో వేరియబుల్ రెసిస్టర్, దానికి పేరలల్‌గా మార్చి మార్చి కెపాసిటర్లు పెట్టి, మీటర్ తగ్గే చోటు వెతికాను. ఒక్క 1000 హెర్ట్జ్ దగ్గర చూస్తే సరిపోదు, 500 దగ్గర, 2000 దగ్గర కూడా తగ్గాలి. మూడింటికీ కాస్త కాస్త ఒప్పుకున్న చోట ఆగాను. 1000 దగ్గర 24 మిల్లీవోల్టులు వచ్చింది. మొదట ఉన్నదాంట్లో సగం కూడా లేదు. ఇక్కడ వచ్చిన విలువలు ఈ సెట్టుకి, ఈ పెట్టెకి మాత్రమే పనికొస్తాయి కాబట్టి రాయడం లేదు. ఇంకో సెట్టుకి పెడితే సైడ్‌టోన్ పెరిగే ప్రమాదమే ఎక్కువ. పద్ధతి మాత్రం ఏ సెట్టుకైనా ఒకటే.

మాస్టారు మళ్ళీ ఎక్కం చెప్పారు. ఈసారి పదమూడు పదులు దాకా గొంతు దించలేదు. పక్కగదిలోంచి కుర్రాడు "క్లియర్ సార్" అని కేక వేశాడు. రాత్రి అమ్మాయితో మాట్లాడాక మాస్టారే ఫోన్ చేసి చెప్పారు, కూతురు మొబైల్ అనుకుందట.

కొంచెం మిగిలింది కూడా ఉంది. పదిహేను నిమిషాలు దాటిన కాల్‌లో వెనకాల సన్నటి సూ అనే శబ్దం ఉంటుంది. అది కార్బన్ రవ్వల సహజమైన చప్పుడు, 20 మిల్లీయాంపియర్ల మాటకు అది కాస్త ఎక్కువగానే వినపడుతుంది. అది పోవాలంటే ఎలెక్ట్రెట్ వేయాలి, మాస్టారు వద్దన్నారు. వానాకాలంలో మాట మళ్ళీ మందగిస్తే హ్యాండ్‌సెట్‌ను బల్లకేసి కొట్టకుండా, క్యాప్సూల్ తీసి అరచేతి మీద తట్టడం ఎలాగో ఆయనకి చూపించాను. నేలకి దగ్గరగా ఉన్న గోడ గూట్లో కాకుండా గాలి ఆడే బల్ల మీద పెట్టమన్నాను.

పాత మైకు, కోసేసిన త్రాడు ముక్క కాగితంలో చుట్టి, మాస్టారికే ఇచ్చేశాను. సెట్టు లోపల ఏ అసలు తీగనూ కోయలేదు. బ్యాలెన్స్ కోసం చేర్చిన భాగాలు విడిగా చిన్న టెర్మినల్ పట్టీ మీద ఉన్నాయి, రెండు స్క్రూలు విప్పి, విడదీసిన తీగను దాని టెర్మినల్‌కి తిరిగి పెడితే సర్క్యూట్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు అయిపోతుంది. ఆ సంగతి, ఏ తీగ ఏ టెర్మినల్ నుంచి విప్పానో, అన్ని కొలతలూ ఒక కాగితం మీద తెలుగులో రాసి బేస్ ప్లేటు లోపలి వైపు అతికించాను. రేపు రాగి లైను దొరికే ఊరికి ఈ ఫోన్ వెళ్తే, విప్పే మెకానిక్ ముందు ఆ పట్టీ తీసేయాలి.